సిలువ ముద్దు, నాలుక మీద సత్ప్రసాదం: ఈ పంచాయితీ ఫ్లూతో రాలే, 1969ల మొదలైంది

మళ్లీ దగ్గులు, జ్వరాలు ముదిరినయి, మళ్లీ మన గుళ్లల్ల అదే పంచాయితీ. మొన్న ఆదివారం మా విచారణల (మా చర్చి కింద ఉండే సంఘంల) పూజ ఆఖర్ల ఫాదర్ గారు చెప్పింది నాలుగు మాటలే: తీర్థం తొట్టిల కొన్ని రోజులు నీళ్లు పొయ్యం, సత్ప్రసాదం (పూజల యేసు శరీరంగ ఇచ్చే అప్పం) నాలుక మీద కాకుండ చేతుల తీస్కోండి, సిలువని స్వరూపాలని (విగ్రహాలని) ముద్దు పెట్టుకోవద్దు, జ్వరమున్నోళ్లు ఇంటికాడనే ఉండండి. గంట గాకముందే వాట్సాప్‌ల రెండు వర్గాలైనయి. ఒకళ్లు నాలుక మీద తీసుకునుడు హక్కనే 2009 నాటి రోమ్ (పోప్ గారి ఆఫీసు) ఉత్తరం పెడుతున్నరు, ఇంకొకళ్లు కష్టకాలంల బిషప్ మాట వినాలనే 2020 నాటిది పెడుతున్నరు, రెండూ నిజమైనవే, అందుకే ఎవ్వరూ తగ్గుతలేరు. మిర్యాలగూడ, నకిరేకల్ దిక్కున్న చుట్టాలు గూడ అసలు సంగతేందని ఫోన్లు చేస్తుంటే పొద్దున్నే కూర్చొని ఇది రాస్తున్న.

కరోనాల గుళ్లు మూసింది, ఫోన్ల పూజ చూసింది అందరికీ యాదికుంది, అది మళ్లీ చెప్ప. నా లెక్కల ముడి పడ్డది 1969ల, నెల రోజుల తేడాతో వచ్చిన రెండు కాగితాలల్ల. మన నల్గొండ మేత్రాసనం (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) ఏర్పడింది 1976ల, అంటే ఇవి మన మేత్రాసనం కంటే ఏడేండ్లు పెద్దవి.

మొదటిది 1969 ఏప్రిల్ 25ది. మన దేశం బిషప్పులు అడిగితే రోమ్ ఒప్పుకున్న 12 అంశాలు. మోకాలు వంచే బదులు చేతులు జోడించి అంజలి పట్టొచ్చు, కొవ్వొత్తుల బదులు నూనె దీపాలు పెట్టొచ్చు, హారతి ఇయ్యొచ్చు, పూజల ఒకళ్లకొకళ్లు సమాధానం (శాంతి) చెప్పుకునేటప్పుడు ముద్దు బదులు నమస్కారం చాలు. ఇగ అసలైంది, పవిత్ర వస్తువుల్ని ముద్దు పెట్టుకునే బదులు మన పద్ధతిల చేత్తోని తాకి కళ్లకో నుదుటికో అద్దుకోవచ్చు. ఇదంతా హిందువుల పద్ధతి అని అప్పట్ల శానా మంది కతోలికులే కొట్లాడిన్రు. అయినా సమాధానం కాడ నమస్కారం మాత్రం నిలబడ్డది, ఇయ్యాల మా గుళ్లె పక్కోళ్ల దిక్కు తిరిగి చేతులు జోడిస్తం. అందుకే ఎన్ని ఫ్లూలు వచ్చినా సమాధానం గురించి ఎన్నడూ లొల్లి కాలే, మార్చాల్సిందే లేదు గద.

నిలబడనిది సిలువకి ముద్దు బదులు చేత్తోని తాకే పద్ధతి. పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) నాడు చూడండి, మూడు నాలుగొందల మంది లైన్ల వస్తరు, ఒక పిలగాడు తెల్లబట్ట పట్టుకొని ప్రతి ముద్దుకి యేసు పాదాలు తుడుస్తడు, సగం లైను అయ్యేసరికి ఆ బట్ట తడిసి ముద్దయితది, అదే బట్టతోని మళ్లీ తుడుస్తడు, ఆ తర్వాత చంకల ఉన్న పసిపిల్లల మూతి గూడ అక్కడనే ఆనిస్తరు. ఫ్లూ వచ్చినోనికి లక్షణాలు కనబడకముందు ఒక రోజు నుంచే అంటిచ్చే గుణం ఉంటది, నున్నటి గట్టి వస్తువుల మీద ఆ వైరస్ ఒకటి రెండు రోజులు బతుకుతది. నాకు జలుబు లేదు గద అనే మాటకి అందుకే విలువ లేదు. తాకి కళ్లకద్దుకునుడు గూడ ఈ రోజులల్ల మంచిది కాదు, చేతుల నుంచి కంటికి, ముక్కుకి పోయేది అదే వైరస్. ఉన్నకాడ నిలబడి తలవంచి అంజలి పడితే సరిపోతది, అది మనకి 1969లనే ఇచ్చిన్రు. 2020 పవిత్ర వారానికైతే సిలువని ముద్దు పెట్టుకునేది పూజ చేసే గురువు ఒక్కడే అని రోమే ఆర్డర్ ఇచ్చింది. ముద్దు ఆపితే భక్తి పోతదనే మాట ఇంకెందుకొస్తుందో నాకు సమజ్ కాదు.

రెండో కాగితం అంత సులువు కాదు. అది 1969 మే 29న వచ్చింది. సత్ప్రసాదం చేతిల ఇయ్యొచ్చా అని రోమ్ లోకంల ఉన్న బిషప్పులందర్ని అడిగితే 1233 మంది వద్దన్నరు, 567 మంది సరే అన్నరు. దాంతోని నాలుక మీద ఇచ్చుడే అసలు పద్ధతిగ ఉంచిన్రు, చేతిల కావాలంటే ఆ దేశం బిషప్పులు మూడింట రెండు వంతుల ఓటుతోని అడగాలన్నరు. అంటే నాలుక హక్కయింది, చెయ్యి పర్మిషన్ అయింది. 2004ల రోమ్ మళ్లీ అదే రాసింది, నాలుక మీద తీసుకునే హక్కు విశ్వాసికి ఎప్పటికీ ఉంటదని.

2009ల స్వైన్ ఫ్లూ వచ్చింది. మన దేశంల మొదటి కేసు మే నెలల హైదరాబాద్‌లనే బయటపడ్డది, జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మహమ్మారి అన్నది. ఇంగ్లాండ్ దిక్కు చేతిలనే తీస్కోండని చెప్తే ఒకాయన రోమ్‌కి రాసిండు, జూలైల జవాబొచ్చింది, హక్కు హక్కే అని. వాట్సాప్‌ల మొదటి వర్గం పెడుతున్నది ఇదే. 2020 నవంబర్‌ల అమెరికాల ఒక మేత్రాసనం నుంచి అదే ఫిర్యాదు పోతే, అదే ఆఫీసు, కష్టకాలంల బిషప్ తాత్కాలికంగ నియమం పెట్టొచ్చు, జనం పాటించాలె అన్నది. నేను రెండోదాన్నే గట్టిగ పట్టుకుంట, ఎందుకంటే మొదటిది రాసినోళ్లు రెండో అనుభవం చూడలే.

నాలుక వర్గం మాట గూడ ఒకటుంది, చేతిల పెట్టేటప్పుడు గూడ వేళ్లు తగుల్తయి గద అని. 2020 మార్చిల అమెరికాల పోర్ట్‌లాండ్ మేత్రాసనం డాక్టర్లని అడిగి రెండింటికీ ప్రమాదం కొంచెం అటు ఇటుగ ఒకటే అన్నది. సరే, కాని ఫాదర్ గారి వేళ్లకి ఒకళ్ల ఎంగిలి తగిలితే వెనకున్నోళ్లందరి నోటికి చేరేది నాలుక లైన్లనే.

మావోళ్లు చేసిన తప్పు ఏందంటే నోటితోని చెప్పి ఊకున్నరు. నియమం పెట్టేది బిషప్ అయినప్పుడు ఆయన ఉత్తరం గుమ్మం కాడ అంటించాలె, ఎన్ని రోజులో తారీఖు రాయాలె. రోగంతోని పూజకి రాకపోతే పాపం కాదని సత్యోపదేశంల (సభ బోధల పుస్తకంల) రాసే ఉన్నది, అది గూడ చదివి వినిపిస్తే జ్వరంతోని నడుచుకుంట వచ్చే ముసలోళ్లు ఆగుతరు.

ఆ ఆదివారం నా ముందు మా వాడకట్టు అవ్వ ఉండె. ఫాదర్ గారు చెయ్యి పట్టమన్నట్టు సైగ చేసిండు, ఆమె రెండు చేతులు కొంగు కింద దాచుకొని, తీసుకోకుండనే వెనక్కి వచ్చేసింది. బయట అడిగితే, "గివి పత్తి ఏరిన చేతులు బిడ్డా, మందు కొట్టిన చేతులు, గీ చేతులల్ల దేవుణ్ణి ఎట్ల పట్టుకోవాలె" అన్నది. నాలుగో శతాబ్దంల జెరూసలేంల కొత్తగ జ్ఞానస్నానం పొందినోళ్లకి నేర్పిన మాట చెప్పిన, ఎడమ చెయ్యిని కుడి చెయ్యికి సింహాసనం చెయ్యి, రాజు వస్తున్నడు అని. నా చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి చూపిచ్చిన. అవ్వ శానాసేపు చూసింది, కొంగుల నుంచి చేతులు తీసి నీళ్ల నల్లా దిక్కు పోయింది, కడుక్కొని వచ్చి, "ఫాదర్ ఇంకా ఉన్నడా లోపల" అని అడిగింది.