పళ్ల డాక్టరు కుర్చీ ఎక్కబోయే పిల్లలకు

మలక్‌పేట,
హైదరాబాద్

ప్రియమైన మనవలకూ మనవరాళ్లకూ,

అమ్మమ్మ ఆశీస్సులు. వేసవి సెలవులు వచ్చాయంటే చాలు, పళ్ల క్లినిక్కులు పిల్లలతో నిండిపోతాయి. స్కూలు పోకుండా ఉంటుందని పెద్దవాళ్లు పిప్పి పళ్లూ వంకర పళ్లూ అన్నీ సెలవులకే అట్టేపెడతారు. పళ్ల ఆస్పత్రిలో చాలా ఏళ్లు నర్సుగా చేసినదాన్ని కాబట్టి, బయట బెంచీ మీద ఎవరు భయపడుతున్నారో మొహం చూస్తే తెలిసిపోతుంది నాకు. గట్టిగా ఏడ్చేవాళ్ల గురించి నాకంత దిగులు ఉండేది కాదు. మాటా పలుకూ లేకుండా బిగుసుకుపోయి, చెప్పు పట్టీని గోటితో గీకుతూ కూర్చునేవాళ్లే మనసులో మెదులుతూ ఉండేవారు. ఈ ఉత్తరం ముఖ్యంగా వాళ్ల కోసమే.

భయం వేస్తే సిగ్గుపడకండి. ఆ కుర్చీలో వెల్లకిలా పడుకోవాలి, నోరు తెరిచి ఉంచాలి, మాట్లాడటానికి వీలుండదు, లోపల ఏం చేస్తున్నారో కనిపించదు. అలాంటి చోట ఎవరికైనా గుండె దడదడలాడుతుంది. పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్లు కూడా నా చెయ్యి గట్టిగా పట్టుకున్న రోజులున్నాయి.

కాకపోతే భయం వచ్చి ఊరుకోదు, నొప్పిని కూడా పెంచుతుంది. ఒళ్లు బిగుసుకుంటుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, ధ్యాసంతా ఆ ఒక్క పంటి మీదే ఉంటుంది. పన్ను పంపిన కబురును మెదడు ఉన్నదున్నట్టు తీసుకోదు. 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సిద్ధాంతం చెప్పారు: నొప్పి కబురు మెదడుకు చేరే దారిలో ఒక గేటు లాంటిది ఉంటుందనీ, మనం ఏం ఆలోచిస్తున్నాం, ఎంత టెన్షన్‌లో ఉన్నాం అన్నదాన్ని బట్టి అది తెరుచుకోవడమో మూసుకోవడమో జరుగుతుందనీ. ఆ తర్వాత దానికి చాలా మార్పులు వచ్చినా అసలు విషయం మాత్రం నిలిచింది. మోకాలికి దెబ్బ తగిలితే వెంటనే చేత్తో రుద్దుకుంటాం కదా, ఆ రుద్దుడు కబురు వెళ్లి నొప్పి కబురును తగ్గిస్తుంది. ఇంజెక్షన్ ఇస్తూ డాక్టరు మీ బుగ్గ పట్టుకుని అటూ ఇటూ ఊపుతారే, అది కూడా ఇందుకే.

నాకు ఎంతో ఇష్టమైన పరిశోధన ఒకటి చెప్తాను. అది పళ్లకు సంబంధించినదే. 1978లో అమెరికాలో లెవీన్, గోర్డన్, ఫీల్డ్స్ అనే ముగ్గురు జ్ఞానదంతాలు తీయించుకున్నవాళ్లకు పైకి మందులా ఉన్నా లోపల మందే లేనిది ఇచ్చారు. అయినా కొందరికి నొప్పి తగ్గింది. తర్వాత నాలోక్సోన్ ఇచ్చారు. మార్ఫిన్ లాంటి నొప్పి మందులు పనిచేయకుండా అడ్డుపడేది ఈ నాలోక్సోన్. అది పడగానే తగ్గిన నొప్పి మళ్లీ పెరిగింది. అంటే నొప్పి తగ్గుతుందని నమ్మినప్పుడు ఒళ్లు తనంతట తానే నొప్పి మందు తయారు చేసుకుంటోందన్నమాట. నమ్మకం అనేది ఉత్త మాట కాదు పిల్లలూ, అది ఒంట్లో పనిచేస్తుంది.

అందుకే ఈ ఉత్తరం చదివే మీ అమ్మానాన్నలకు కూడా ఒక మాట చెప్పాలి. "అల్లరి చేశావంటే డాక్టరుతో సూది వేయిస్తా" అని దయచేసి బెదిరించకండి. "అస్సలు నొప్పే ఉండదు" అని అబద్ధమూ చెప్పకండి. సూది గుచ్చగానే ఆ మాట అబద్ధమని పిల్లకు తెలిసిపోతుంది, ఆ తర్వాత మీరేం చెప్పినా వినదు. "చీమ కుట్టినట్టు ఉంటుంది, కాసేపట్లో పోతుంది" అని మన నర్సులు చెప్పే పాత మాటే నయం.

ఇక కుర్చీలో ఏం జరుగుతుందో చెప్తాను. ముందు చిగురు మీద మొద్దుబారే జెల్ రాస్తారు. కాసేపాగి మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. మందు మెల్లగా ఎక్కిస్తే నొప్పి తక్కువ, కాబట్టి డాక్టరు నిదానంగా చేస్తుంటే సంతోషించండి. కొన్ని నిమిషాలకు పెదవి వాచిపోయినట్టు అనిపిస్తుంది. అద్దం అడిగి చూసుకోండి, ఏమీ వాచి ఉండదు. మత్తు నొప్పిని ఆపుతుంది కానీ ఒత్తిడిని ఆపదు. పన్ను తీసేటప్పుడు గట్టిగా నొక్కినట్టు, కదిపినట్టు తెలుస్తూనే ఉంటుంది. మత్తు ఎక్కలేదేమోనని చాలామంది హడలిపోయేది ఇక్కడే. నొక్కినట్టుంటే పరవాలేదు, సుర్రుమంటే మాత్రం చెప్పాలి. డ్రిల్లు చప్పుడు అంత పెద్దగా వినిపించడానికి కారణం, అది ఎముక గుండా కూడా చెవికి చేరడం.

నోట్లో పరికరాలుంటే చెప్పడం ఎలా? చెయ్యెత్తాలి. కుర్చీ ఎక్కగానే డాక్టరుగారితో ఒప్పందం చేసుకోండి: "నేను ఎడమ చెయ్యెత్తితే ఆపుతారా?" అని. ఒకసారి ఒక పాప ఎంతకీ నోరు తెరవలేదు. మా డాక్టరమ్మ ఆ పాప చేతికి చిన్న అద్దం ఇచ్చి, "నువ్వు చెయ్యెత్తగానే నేను ఆపేస్తాను, చూడు" అంది. పాప వెంటనే చెయ్యెత్తింది. డాక్టరమ్మ ఆపింది. కాసేపటికి మళ్లీ ఎత్తింది, మళ్లీ ఆపింది. నిజంగా ఆపుతుందా లేదా అని చూస్తోంది పాప. ఆపుతుందని తేలాక చెయ్యి కుర్చీ మీదే ఉంచేసింది, పుప్పంతా తీసి సిమెంటు నింపేదాకా ఎత్తనే లేదు. ఆపించగలనన్న ధైర్యం ఉంటే మనిషి ఎంత ఓర్చుకోగలదో ఆ రోజు కళ్లారా చూశాను.

రక్తం చూస్తే కళ్లు తిరిగేవాళ్ల సంగతి వేరు. మామూలు భయంలో బీపీ పెరుగుతుంది, వీళ్లకు కాసేపట్లో పడిపోతుంది, అందుకే సొమ్మసిల్లుతారు. చేతులూ కాళ్లూ పొట్టా పది పదిహేను సెకన్లు గట్టిగా బిగించి, వదిలి, కాసేపాగి మళ్లీ బిగించాలి. లార్స్ గోరన్ ఓస్ట్ అనే స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త నేర్పిన పద్ధతి ఇది. మిగతావాళ్లయితే ఊపిరి మెల్లగా, లోపలికి తీసుకున్నదానికంటే ఎక్కువసేపు బయటికి వదలండి.

ఊపిరి అంటే గుర్తొచ్చింది. అఫ్జల్‌గంజ్ మీదుగా ఉస్మానియా దవాఖానా దాటి ఎప్పుడైనా వెళ్లారా? దానికి ముందు అక్కడ అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఉండేది. క్లోరోఫాం మత్తు ప్రమాదమా కాదా అని తేల్చడానికి 1888లోనూ 1889లోనూ మన హైదరాబాద్‌లోనే కమిషన్లు జరిగాయి. చేయించింది ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్, డబ్బిచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. మత్తిచ్చేవాళ్లు రోగి ఊపిరి మీదే చూపు ఉంచాలని లారీ పట్టుబట్టేవాడు. గుండెకు ముప్పు లేదన్న ఆయన మాట తర్వాత తప్పని తేలింది, క్లోరోఫాం వాడకమూ పోయింది. ఆ రోజుల్లోనే రూపాబాయి ఫర్దూన్‌జీ అనే మన ఊరి ఆవిడ మత్తు వైద్యురాలిగా పనిచేసింది. ప్రపంచంలోనే ఆ పని చేసిన తొలి మహిళల్లో ఆవిడ ఒకరు. రోగికి నొప్పి తెలియకూడదని ఇక్కడ అంత వెనకటి రోజుల్లోనే ఇంత తపన పడ్డారంటే నాకు గర్వంగా ఉంటుంది.

మరో సంగతి. పై పన్ను తీయిస్తే కళ్లు పోతాయని ఇంట్లో ఎవరైనా అంటే నమ్మకండి. పంటికి వెళ్లే నరం వేరు, చూపుకు వెళ్లే నరం వేరు.

పని అయ్యాక పెదవికి మత్తు ఇంకో రెండు మూడు గంటలు ఉంటుంది. అప్పుడు పెదవి కొరుక్కున్నా తెలియదు, సాయంత్రానికి పుండు పడుతుంది. మత్తు దిగేదాకా ఏమీ నమలకండి. పన్ను తీయించుకుంటే డాక్టరు పెట్టిన దూదిని చెప్పినంతసేపు కరిచి పట్టుకోండి, మాటిమాటికీ ఉమ్మకండి, స్ట్రాతో ఏమీ తాగకండి. ఐస్‌క్రీం తినొచ్చు, చెంచాతో.

ప్రేమతో,
మీ అమ్మమ్మ