ఇల్లు అమ్మడానికి ఏడాది గడువు: అమెరికా ఫెడరల్ బదిలీ నిబంధన ఎలా మారుతూ వచ్చింది

మన దగ్గర కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి బదిలీ అయితే ప్రయాణ ఖర్చు, సామాన్ల రవాణా ఖర్చు, ట్రాన్స్‌ఫర్ గ్రాంట్ ఇస్తారు. సొంతిల్లు అమ్మితే అయ్యే ఖర్చు మాత్రం ఎవరూ ఇవ్వరు. అమెరికా ఫెడరల్ (అక్కడి కేంద్ర ప్రభుత్వ) ఉద్యోగులకు ఆ ఖర్చు కూడా తిరిగి వస్తుంది. అయితే ఇల్లు గడువులోగా అమ్ముడుపోవాలి.

1966 వరకు అక్కడా ఈ సదుపాయం లేదు. ఆ ఏడాది జులైలో వచ్చిన చట్టంతో బ్రోకర్ కమిషన్, లాయర్ ఫీజు, రిజిస్ట్రేషన్ వంటి ఖర్చుల భారాన్ని ప్రభుత్వం తీసుకుంది. ఇల్లు నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని మాత్రం భరించదు. ఈ సదుపాయంతోపాటే ఏడాది గడువు కూడా వచ్చింది. తొలినాళ్లలో పొడిగింపు దొరకడం చాలా కష్టం. అమ్మకం కోర్టు వ్యాజ్యంలో చిక్కుకుంటే తప్ప ఇచ్చేవారు కాదు. తర్వాత మెల్లగా సడలించారు.

అసలు కుదుపు 1981లో వచ్చింది. ఆ అక్టోబరులో ముప్పై ఏళ్ల గృహరుణం మీద వడ్డీ 18 శాతం దాటింది. అంత వడ్డీకి అప్పు చేసి ఇల్లు కొనేదెవరు? బదిలీ అయినవాళ్లు కొత్త ఊళ్లో అద్దె, పాత ఇంటికి కిస్తీ రెండూ కట్టుకుంటూ నలిగిపోయారు. 1982లో ప్రభుత్వం దిగివచ్చి గడువును రెండేళ్లు చేసింది. ఆపైన మరో ఏడాది పొడిగించే వీలు కూడా ఇచ్చింది. అది న్యాయమైన మార్పు. ఎందుకంటే బదిలీ ఉద్యోగి చేతిలో లేదు, మార్కెట్ అంతకన్నా లేదు.

2011లో ఈ బదిలీ నిబంధనలు రాసే ప్రభుత్వ సంస్థ జనరల్ సర్వీసెస్ అడ్మినిస్ట్రేషన్ ఆ గడువును మళ్లీ ఏడాదికి కుదించింది. పొడిగింపు ఇంకో ఏడాదికి మించకూడదంది. బదిలీల వ్యవహారాలు త్వరగా తేల్చాలన్న ఉద్దేశం అర్థం చేసుకోదగ్గదే. ఎంచుకున్న సమయమే తప్పు. 2008 సంక్షోభం దెబ్బకు ఇళ్ల ధరలు అప్పటికింకా పడిపోతూనే ఉన్నాయి. ఎక్కువ సమయం అవసరమైన రోజుల్లోనే గడువు తగ్గించారు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. లెక్క మొదలయ్యేది కొత్త ఆఫీసులో డ్యూటీకి చేరిన రోజు నుంచి. ముగిసేది కొనేవారితో అగ్రిమెంట్ రాసుకున్న రోజున కాదు, క్లోజింగ్ (డబ్బు చెల్లించి ఇల్లు చేతులు మారడం) పూర్తయిన రోజున. జూన్‌లో చేరిన ఉద్యోగికి మరుసటి ఏప్రిల్‌లో కొనేవాళ్లు దొరికినా, బ్యాంకు లోన్ ఆలస్యమై క్లోజింగ్ జులైకి వెళితే, పొడిగింపు లేనిదే క్లెయిమ్ చెల్లదు. మూడు లక్షల డాలర్ల ఇంటికి ఆరు శాతం కమిషన్ అంటే 18,000 డాలర్లు. అదంతా జేబులోంచే పోతుంది.

ఇలాంటి తగాదాలు ఒకప్పుడు ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కంప్ట్రోలర్ జనరల్ దగ్గరికి వెళ్లేవి. 2007 నుంచి సివిలియన్ బోర్డ్ ఆఫ్ కాంట్రాక్ట్ అప్పీల్స్ అనే ప్రభుత్వ వివాద పరిష్కార బోర్డు చూస్తోంది. తీర్పుల ధోరణి మాత్రం మారలేదు: నిబంధనకు చట్టమంత బలం ఉంది, గరిష్ఠ గడువు దాటితే శాఖగానీ బోర్డుగానీ సడలించలేవు. ఆఫీసులో ఎవరో తప్పుగా చెప్పారన్నా ఒప్పుకోరు. కొవిడ్ వచ్చినప్పుడు ప్రత్యేక బులెటిన్‌తో సడలింపు ఇచ్చారు. అలాంటిది లేనప్పుడు ఉద్యోగికి మిగిలే దారి ఒక్కటే. ఇల్లు ఎందుకు అమ్ముడుపోలేదో కారణం రాసి, శాఖకు రాతపూర్వకంగా పొడిగింపు కోరడం. దాన్ని ఇవ్వాలా వద్దా అన్నది శాఖ ఇష్టం.