నెలసరి తేదీ ఎందుకు అడిగారంటే

మా వీధిలో ఉండే ఒకామె పోయిన వారం సాయంత్రం ఇంటికొచ్చింది. వాళ్ళ అమ్మకీ అక్కకీ ఇద్దరికీ రొమ్ము క్యాన్సర్ వచ్చింది కాబట్టి ముందుజాగ్రత్తగా ఎమ్మారై తీయించుకోమని డాక్టరు రాసిచ్చారు. తిరుపతిలోనే ఒక స్కానింగ్ సెంటరుకి వెళ్తే అక్కడి అబ్బాయి "మీకు నెలసరి ఎప్పుడు వచ్చింది మేడమ్?" అని నలుగురిలో అడిగాడట. "మిషనుకి కూడా అంటూ ముట్టూ ఉంటుందా సార్?" అంది. కోపం, ఏడుపు రెండూ ఉన్నాయి ఆ గొంతులో.

అంటు కాదమ్మా అన్నాను. ఆ ప్రశ్న వెనక ఎంత అందమైన సైన్సు ఉందో! పక్కకు పిలిచి రెండు ముక్కలు చెప్పి ఉంటే ఆమెకు ఈ బాధ ఉండేది కాదు.

ముందు రేడియేషన్ భయం తీరుద్దాం. ఎమ్మారైలో ఎక్స్‌రేలు ఉండవు. పెద్ద అయస్కాంతం, రేడియో తరంగాలు, అంతే. మన పాకాల దగ్గర గాదంకిలో గాలి కదలికల్ని కనిపెట్టే రాడార్ ఉంది కదా, అది 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీద పనిచేస్తుంది. ఒంట్లోని నీళ్ళలో, కొవ్వులో ఉండే హైడ్రోజన్ కేంద్రకాలు ఒక టెస్లా అయస్కాంత బలానికి 42.58 మెగాహెర్ట్జ్ దగ్గర పలుకుతాయి. అంటే 1.5 టెస్లా మిషనులో దాదాపు 64. రాడార్‌దీ ఎమ్మారైదీ పక్కపక్క ఇళ్ళే.

కానీ చిక్కేమిటంటే, మామూలు ఎమ్మారై బొమ్మలో క్యాన్సర్ గడ్డా, మంచి పాలగ్రంథీ చాలాసార్లు ఒకేలా కనిపిస్తాయి. అందుకే చేతి నరానికి గాడోలినియం అనే లోహం ఉన్న మందు ఇంజెక్షన్ ఇస్తారు. నాకు ఇష్టమైన కథ ఇక్కడే మొదలవుతుంది.

మా తాతగారి ఊళ్ళో చెరువు కింద కయ్యలు (వరి మడులు) ఉండేవి. కాలవ గట్టు గట్టిగా ఉంటే నీళ్ళు నిదానంగా ఊరుతాయి, కయ్యలో చెమ్మ మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. అదే గట్టుకు ఎండ్రకాయలు (పీతలు) బొక్కలు పెట్టి ఉంటే? తూము ఎత్తగానే కయ్య నిండిపోతుంది. తూము దించి కాలవలో మట్టం తగ్గితే, అవే బొక్కల్లోంచి నీళ్ళు వెనక్కి కాలవలోకి జారిపోతాయి. ఎంత తొందరగా నిండిందో అంత తొందరగా తీసేస్తుంది. గట్టును తవ్వి చూడక్కర్లేదు, కయ్య నిండే తీరు, తీసే తీరు చూస్తే చాలు, బొక్కలున్నాయో లేదో మా తాత చెప్పేవారు.

క్యాన్సర్ గడ్డ ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పెరగాలంటే దానికి సొంత రక్తనాళాలు కావాలి. 1971లో జుడా ఫోక్‌మన్ అనే అమెరికన్ సర్జన్ ఈ మాట అన్నప్పుడు చాలామంది నమ్మలేదు. హడావిడిగా పుట్టిన ఆ నాళాల గోడలు సరిగ్గా అతుక్కోవు, కారిపోతుంటాయి. అవే మన ఎండ్రకాయ బొక్కల గట్లు. ఇంజెక్షన్ ఇవ్వడం తూము ఎత్తడం. మందు ఒళ్ళంతా పరుచుకుని, కిడ్నీలు వడకడుతూ ఉంటే రక్తంలో దాని మోతాదు తగ్గడం తూము దించడం. ఇంజెక్షనుకి ముందొకసారి, తర్వాత నిమిషం, నిమిషంన్నరకోసారి వరసగా బొమ్మలు తీస్తారు. మందు చేరిన చోటు బొమ్మలో వెలుగుతుంది. ఆ వెలుగు మెల్లగా పెరుగుతూనే ఉంటే చాలావరకు భయం లేదు. మొదటి రెండు నిమిషాల్లో భగ్గున వెలిగి, ఆ తర్వాత తగ్గిపోతుంటే అనుమానించాలి. రెంటికీ మధ్యలో, పెరిగి అక్కడే నిలిచిపోయేది ఇంకోటి.

ఒక సూక్ష్మం ఉంది. మిషనుకు గాడోలినియం కనబడదు. ఆ మందు అణువులో జత కుదరని ఎలక్ట్రాన్లు ఏడుంటాయి, అవి పక్కనున్న నీటి హైడ్రోజన్ కేంద్రకాలను త్వరగా సర్దుకునేలా చేస్తాయి, దాంతో ఆ చోటు ప్రకాశిస్తుంది. కయ్యలో నీళ్ళను కాకుండా, నీళ్ళు తగిలి పచ్చబడ్డ నారును చూసినట్టన్నమాట.

ఇక నెలసరి సంగతి. ఒక నెలసరికీ ఇంకో నెలసరికీ మధ్య రోజుల్లో రెండో సగంలో హార్మోన్ల వల్ల మంచి రొమ్ములో కూడా రక్తప్రవాహం పెరుగుతుంది, నాళాలు కాస్త వదులవుతాయి. మంచి గట్లు కూడా నానిపోయి అన్ని కయ్యలూ తడిగా ఉంటే, బొక్కలున్న కయ్యను ఎలా పట్టుకుంటాం? లేని గడ్డ ఉన్నట్టు కనిపించి, అనవసరంగా బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) దాకా వెళ్ళి టెన్షన్ పడాల్సి రావచ్చు. అందుకే నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కపెట్టి 7 నుంచి 14 రోజుల మధ్య రమ్మంటారు. క్యాన్సర్ అని ముందే తేలి ఆపరేషన్ కోసం తీస్తుంటే మాత్రం దీనికోసం ఆగరు. నెలసరి ఆగిపోయినవాళ్ళకు ఈ లెక్క లేదు, హార్మోన్ మాత్రలు వాడుతుంటే చెప్పాలి.

తర్వాతి బొమ్మలోంచి ముందటి బొమ్మను తీసివేస్తారు కాబట్టి కదిలితే లెక్క చెడుతుంది. బోర్లా పడుకోబెడతారు, రొమ్ములు కిందున్న రెండు గుంతల్లోకి వేలాడతాయి, మామోగ్రామ్ అనే రొమ్ము ఎక్స్‌రేలోలా నొక్కడం ఉండదు. అరగంట, ముప్పావు గంట. దడదడమని చప్పుడు, చెవులకు దూది లాంటివి ఇస్తారు.

ఈ పరీక్ష అందరికీ అక్కర్లేదు. రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే లోపం బీఆర్‌సీఏ అనే జన్యువుల్లో ఉన్నవాళ్ళకు, కుటుంబ చరిత్రను బట్టి జీవితకాలపు ముప్పు 20 శాతం దాటినవాళ్ళకు, చిన్న వయసులో ఛాతీకి రేడియేషన్ చికిత్స జరిగినవాళ్ళకు ముఖ్యం. మామోగ్రామ్ మానేయకూడదు, కొన్ని క్యాన్సర్లకు తొలి గుర్తయిన సున్నపు (కాల్షియం) రవ్వలు కనబడేది అందులోనే. ఎమ్మారైలో వెలిగిందల్లా క్యాన్సర్ కాదు, తేల్చేది బయాప్సీ. కిడ్నీ జబ్బు, గర్భం, పేస్‌మేకర్, మెదడులో పెట్టిన క్లిప్పు, చెవిలో పెట్టిన పరికరం, ఏదున్నా ముందే చెప్పాలి.

"తాళి కూడా తీయాలంటున్నారు సార్" అంది చివరికి, మెల్లగా. బంగారాన్ని అయస్కాంతం లాగదు. కానీ మన ఆడవాళ్ళు తాళికి గుచ్చుకునే పిన్నీసులు ఇనుమువి. ఆ అయస్కాంతం స్కానింగ్ లేనప్పుడు కూడా ఆగదు, గదిలో అడుగుపెట్టగానే పిన్నీసు ఎగిరిపోగలదు. పైగా మెడలో ఏ లోహం ఉన్నా బొమ్మ చెడుతుంది. పసుపుతాడుకి పసుపు కొమ్ము కట్టుకుని వెళ్ళమ్మా, దానికి ఏ అడ్డూ లేదన్నాను.

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఆ రోజుకు ఇరవై రెండో రోజు. డాక్టరుకు ఫోన్ చేసి అడిగి, వచ్చే నెలసరి మొదలైన రోజు నుంచి తొమ్మిదో రోజుకు మార్చుకుంది. లేచేముందు తాళికున్న పిన్నీసులు ఒక్కొక్కటే తీసి మా బల్ల మీద పెట్టింది. మొత్తం నాలుగు.