రాజుగారి గుర్రానికి పాత కాళ్లు

మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ గుర్రమెక్కిన చిత్రం ఉంది. సుమారు 1635లో ఆయన ఆస్థాన చిత్రకారుడు వెలాస్కెజ్ వేసింది. ఎత్తే 3 మీటర్లు. గుర్రం ముందుకాళ్లు గాల్లో లేచి ఉన్నా, రాజు మాత్రం ఇంట్లో కుర్చీలో కూర్చున్నంత నిమ్మళంగా ఉంటాడు. అందరూ ఆయన ముఖమే చూస్తారు. నేనైతే గుర్రం వెనక కాళ్లు చూడమంటాను. వాటి పక్కనే మసగ్గా ఇంకో కాళ్ల జాడ కనిపిస్తుంది.

వెలాస్కెజ్ ముందు గీసి, తర్వాత మనసు మార్చుకుని రంగు పూసి కప్పేసిన కాళ్లవి. ఇప్పుడెలా బయటపడ్డాయి? అప్పటి తెల్ల రంగు సీసంతో చేసేది. ఆ సీసం, రంగులో కలిపిన నూనెలోని కొవ్వు ఆమ్లాలతో కలిసి, ఏళ్ల తరబడి మెల్లగా ఒక రకం సబ్బుగా మారుతుంది. దాంతో రంగు పొడి, నూనె కాంతిని దాదాపు ఒకేలా వంచడం మొదలుపెడతాయి. ఇక కాంతి చెదరదు, లోపలికి దిగిపోతుంది. పకోడీల పొట్లం నూనె పీల్చుకోగానే కాగితం అవతలి అక్షరాలు కనిపిస్తాయే, అదే సంగతి.

అసలు ఆ కాళ్లు ఎక్కడ పెట్టాలన్నది చిన్న తలనొప్పి కాదు. మామూలుగా నిలబడ్డ గుర్రం బరువులో సుమారు 60 శాతం ముందుకాళ్ల మీదే ఉంటుంది. వాటిని ఎత్తాలంటే వెనక కాళ్లు మడిచి పొట్ట కిందికి తెచ్చుకోవాలి. గరిమనాభి, అంటే ఒంటి బరువంతా ఒక్కచోటే ఉన్నట్టుగా లెక్కేసే బిందువు, సరిగ్గా వాటి పైకి రావాలి. కావడి మోసేవాడు బరువున్న వైపుకి భుజం జరుపుకున్నట్టన్నమాట. లెవాడ్ అనే ఈ భంగిమలో బాగా శిక్షణ పొందిన గుర్రమైనా కొన్ని క్షణాలే నిలుస్తుంది.

చిత్రకారుడు తప్పు చేస్తే పైన రంగు పూస్తాడు. పోత పోసేవాడికి ఆ వీలెక్కడిది? అదే రాజును, అదే భంగిమలో కంచుతో చేసే పని ఫ్లోరెన్స్ శిల్పి పియెత్రో టాక్కాకి వచ్చింది. నమూనాగా మాడ్రిడ్ నుంచి చిత్రాలు పంపారు. అంతకుముందు మిలాన్‌లో లియొనార్డో డా విన్సీ అంతటివాడు కూడా కాళ్లెత్తిన గుర్రంతో మొదలుపెట్టి, చివరికి నడిచే గుర్రంతో సరిపెట్టుకున్నాడు. టాక్కా ముందు భాగాన్ని బోలుగా, వెనక భాగాన్ని బరువుగా పోశాడు. ఈ ఉపాయం గెలీలియో చెప్పాడని అంటారు. ఆయన అప్పుడు ఫ్లోరెన్స్ పక్కనే గృహనిర్బంధంలో ఉన్నాడు కాబట్టి, కథ నిజమైనా కాకపోయినా అతకడం మాత్రం బాగా అతికింది.

విగ్రహం 1640లో పూర్తయింది. టాక్కా ఆ ఏడాదే పోయాడు. ఇప్పుడది మాడ్రిడ్ రాజభవనం ఎదుటి ప్లాసా దె ఓరియెంతెలో ఉంది. అటు వెళ్తే ఒకసారి విగ్రహం వెనక వైపుకి వెళ్లి చూడండి. రెండు కాళ్ల మీదే నిలబడ్డట్టున్న ఆ గుర్రం, ఎవరి కంటా పడకుండా తోకను కూడా పీఠానికి ఆనించి ఉంటుంది.