రక్షణ బడ్జెట్‌లో కంచన్‌బాగ్ దాకా వచ్చేదెంత?

హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో క్షిపణుల పరిశోధన, తయారీ సంస్థలున్నాయి. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో రక్షణకు కేటాయించింది 6.81 లక్షల కోట్లు. అందులో పింఛన్లకే 1.60 లక్షల కోట్లు. జీతభత్యాలు, ఇంధనం, మరమ్మతుల వంటి రోజువారీ ఖర్చుకు 3.11 లక్షల కోట్లు. ఆయుధాల కొనుగోలుతో కలిపి మూలధన వ్యయానికి దక్కింది 1.80 లక్షల కోట్లే. ఇదంతా కొత్త కొనుగోళ్లకే అనుకుంటే పొరపాటు. లెక్క అసలు చిక్కుబడేది ఇక్కడే.

క్షిపణి ఒప్పందం కుదిరిన రోజున మొత్తం ధర చెల్లించరు. కొంత అడ్వాన్సు ఇస్తారు; మిగతాది సరుకు తనిఖీలో నెగ్గి చేతికందే కొద్దీ, ఏళ్ల తరబడి. ఈ పాత బాకీలే ముందు తీర్చాలి. 2018-19లో సైన్యం ఆధునికీకరణకు ఇచ్చింది 21,338 కోట్లు. పాత ఒప్పందాల కింద కట్టాల్సిందే 29,033 కోట్లు. ఈ సంగతి సైన్యమే పార్లమెంటు స్థాయీ సంఘానికి చెప్పుకుంది. కొత్త ఆర్డరు మాట దేవుడెరుగు!

క్షిపణులను రూపొందించే ప్రభుత్వ ప్రయోగశాల డీఆర్‌డీఎల్ 1962లో ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు మారింది. అదే ఏడాది చైనాతో యుద్ధం వచ్చాక రక్షణ వ్యయం ఒక్కసారిగా పెరిగింది. 1970లో క్షిపణులు తయారుచేసే ప్రభుత్వ సంస్థ బీడీఎల్, 1973లో ప్రత్యేక లోహాలు తయారుచేసే మిధాని వచ్చాయి. బీడీఎల్ మొదట తయారుచేసింది ఫ్రెంచి లైసెన్సుతో ట్యాంకు విధ్వంసక క్షిపణి. సొంత దారి 1983లో మొదలైంది: 388 కోట్లతో పృథ్వి, అగ్ని, త్రిశూల్, ఆకాశ్, నాగ్ క్షిపణులు. 1987లో క్షిపణి సాంకేతికతపై ఎగుమతి ఆంక్షలొచ్చాక, బయట దొరకని మారేజింగ్ ఉక్కును (చాలా దృఢమైన మిశ్రమ ఉక్కు) మిధానిలోనే పోశారు. అయినా త్రిశూల్ సేవలోకి రాకుండానే ముగిసింది. ఆకాశ్ సైన్యంలో చేరేసరికి 2015. ముప్పై ఏళ్ల ప్రాజెక్టును ఏడాది బడ్జెట్‌తో నడపడమంటే ఇదే.

పత్రికల్లో 'వేల కోట్ల కొనుగోలుకు ఆమోదం' అని వచ్చేది తరచూ రక్షణ కొనుగోళ్ల మండలి అవసరాన్ని ఒప్పుకోవడమే. ఆ తర్వాత టెండరు, ట్రయల్స్, ధర బేరం, పెద్ద మొత్తమైతే భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీ ఆమోదం. ఆపైనే సంతకం. కంపెనీ షేరు మాత్రం మొదటి వార్తకే ఎగురుతుంది! బాలానగర్, చర్లపల్లిలో విడిభాగాలు కోసే చిన్న యూనిట్‌కు పనికొచ్చేది 2023 మార్చిలో బీడీఎల్‌తో కుదిరిన 8,160 కోట్ల ఆకాశ్ ఒప్పందం లాంటి సంతకమైన ఆర్డరే.

మార్చి 31 దాటితే ఖర్చుకాని సొమ్ము మురిగిపోతుంది. అందుకే 15వ ఆర్థిక సంఘం 2021-26కు 2.38 లక్షల కోట్లతో మురిగిపోని నిధిని సూచించింది. కేంద్రం సూత్రప్రాయంగానే ఒప్పుకుంది. 2025-26లో ఆధునికీకరణ సొమ్ములో 75 శాతం, అంటే 1.11 లక్షల కోట్లు, దేశీయ కొనుగోళ్లకే కేటాయించింది. అందులోంచీ ముందు తీరాల్సింది పాత వాయిదాలే.