నోటి కుట్లు, నల్ల పట్టు దారం: ఏడో రోజు వెనుక చరిత్ర

నల్గొండ నుంచో వనపర్తి నుంచో హైదరాబాదుకు వచ్చి జ్ఞాన దంతం తీయించుకున్న మనిషికి వైద్యుడు చెప్పే చివరి మాట తరచుగా ఒకటే: వారం తర్వాత కుట్లు విప్పించుకోవడానికి మళ్లీ రావాలి. కరిగిపోయే దారం ఉండగా ఈ రెండో ప్రయాణం ఎందుకన్న ప్రశ్న సహజమే. దానికి జవాబు దారాల చరిత్రలో ఉంది.

కుట్టడం మనకు కొత్త విద్య కాదు. సుశ్రుత సంహిత గాయం కుట్టడానికి జనుము, అవిసె నార, స్నాయువు, వెంట్రుక, చివరకు తిప్పతీగ పీచును కూడా పేర్కొంది. పేగు చిరిగితే పెద్ద చీమల చేత అంచులు కరిపించి, తలలు మాత్రం ఉంచమంది. లోపల మిగిలినది దానంతటదే పోవాలన్న ఆలోచన అప్పటికే ఉందన్నమాట. పాశ్చాత్య వైద్యంలో ఆ పని క్యాట్‌గట్ చేసింది. పేరులో పిల్లి ఉన్నా, నిజానికి అది గొర్రె, పశువుల పేగుల నుంచి తీసిన దారం. 1867లో బ్రిటిష్ శస్త్రవైద్యుడు జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో క్రిములను అరికట్టే పద్ధతిని ప్రకటించి, తరువాత దారాన్ని కూడా శుద్ధి చేయడంతో కుట్టు లోపల వదిలేయడానికి ధైర్యం వచ్చింది. అయితే ఎంజైములు ఈ దారాన్ని తినేసే వేగం ఒక్కో నోటిలో ఒక్కో రకంగా ఉండేది. ఆవుల మెదడు జబ్బు భయంతో ఐరోపా దేశాలు 2001 ప్రాంతంలో దానిని పక్కన పెట్టాయి.

నోటిలో నిలిచింది పట్టు. పోచంపల్లి నేతగాళ్లు పట్టును ఉడికించి జిగురు వదిలించినట్టే కుట్టు దారానికీ జిగురు తీస్తారు. మెత్తదనం, ముడి జారకపోవడం అక్కడి నుంచే వచ్చాయి. నాలుక, పెదవి నిత్యం రాసుకునే చోట ఈ మెత్తదనమే పెద్ద సుఖం, ఎందుకంటే నైలాన్ కొస ముల్లులా గుచ్చుకుంటుంది. కానీ అల్లిన పోగుల సందుల్లోకి ఉమ్మి, క్రిములు దీపపు వత్తిలోకి నూనె పాకినట్టు పాకుతాయి. ఏడో రోజున విప్పమనడానికి ఇదొక కారణం. అప్పటికి చిగురు అంచులు సాధారణంగా అతుక్కుని ఉంటాయన్నది రెండోది.

1970 ప్రాంతంలో పాలీగ్లైకాలిక్ ఆమ్లం దారం, 1974లో వైక్రిల్ అనే మరో కృత్రిమ దారం వచ్చాక కరగడం ఎంజైముల పని కాక నీటి పని అయింది, గడువును అంచనా వేయడం సాధ్యమైంది. అయినా మామూలు వైక్రిల్ పూర్తిగా కరగడానికి ఎనిమిది నుంచి పది వారాలు పడుతుంది. చిగురుకు అంత కాలం అక్కరలేదు కనుక, రేడియేషన్‌తో బలం తగ్గించి రెండు వారాల్లోపే రాలిపోయేలా చేసిన రకం తరువాత వచ్చింది. దూరం నుంచి వచ్చేవారికి, పిల్లలకు ఇదే మేలని నా అభిప్రాయం. ధర ఎక్కువే గానీ, బస్సు చార్జీలు, పోయిన ఒక రోజు కూలి లెక్కలో వేస్తే ఆ తేడా చిన్నదవుతుంది.

అయితే దారం ఒక్కటే గాయాన్ని మాన్పదు. సూది మొదట కదిలే చిగురు పొరలోంచి దిగి, తరువాత ఎముకను అంటిపెట్టుకున్న వైపు చేరాలి. అంచు నుంచి రెండు మూడు మిల్లీమీటర్లు వదలాలి. ముడిని గాయం మీద కాక పక్కన ఉంచాలి. బిగించినప్పుడు చిగురు తెల్లబడితే ఆ అంచుకు నెత్తురు అందడం ఆగినట్టే. వాపు సహజంగా రెండు మూడు రోజుల్లో పెరిగి ఆ ముడిని ఇంకా బిగిస్తుంది. అలాంటి చోట అంచు చచ్చిపోయి కుట్టు తెగి వస్తుంది, అది పట్టుదైనా, కరిగేదైనా.