పెద్దయ్యాక ఆటిజం పరీక్ష: అపోహలు - వాస్తవాలు

ఆటిజం అంటే ఇతరులతో కలిసే తీరు, శబ్దాలూ స్పర్శలూ తట్టుకునే తీరు చిన్నప్పటి నుంచే వేరుగా ఉండటం. "నాకు ఆటిజం ఉందేమో చూడండి" అంటూ మా వంటి క్లినికల్ సైకాలజిస్టుల దగ్గరకు వచ్చే పెద్దవారిలో రెండు రకాల వారు ఎక్కువ. తమ బిడ్డకు ఆటిజం అని తేలినప్పుడు, డాక్టరు అడిగే ప్రశ్నలు వింటూ "ఇవన్నీ నాకూ ఉన్నాయే" అనుకున్న తల్లిదండ్రులు ఒకరు. ఆందోళనకో కుంగుబాటుకో ఏళ్ల తరబడి మందులు వాడుతున్నా ఎక్కడో లెక్క కుదరనివారు మరొకరు. ఇద్దరూ వెంట తెచ్చుకునే అపోహలు మాత్రం దాదాపు ఒకటే.

అపోహ: చదువు, ఉద్యోగం, పెళ్లి అన్నీ అయ్యాక ఆటిజం ఏమిటి?

వాస్తవం: 1943లో అమెరికాలోని పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ ఆటిజాన్ని వర్ణిస్తూ రాసిన వ్యాసంలో మొదటి పిల్లవాడు డొనాల్డ్ ట్రిప్లెట్. ఆయన కాలేజీ చదువు పూర్తిచేసి, మిసిసిపీలోని తన ఊరి బ్యాంకులో ఉద్యోగం చేసి, గోల్ఫ్ ఆడుతూ, కారు నడుపుతూ, దేశాలు తిరుగుతూ 89 ఏళ్లు బతికి 2023లో మరణించారు. అంటే ఈ అపోహకు జవాబు మొదటి కేసులోనే ఉంది. మానసిక సమస్యల నిర్ధారణకు అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్ఎం-5 గ్రంథం కూడా ఒక మాట స్పష్టంగా చెబుతుంది: లక్షణాలు బాల్యం నుంచే ఉండాలి, కానీ బతుకు అడిగేది మనిషి శక్తిని మించినప్పుడే అవి పూర్తిగా బయటపడవచ్చు. మార్కులే లోకంగా గడిచినంత కాలం నెట్టుకొచ్చినవారు టీమ్ లీడర్ అయ్యాకో, అత్తవారింట పదిమంది మధ్య పడ్డాకో మా దగ్గరకు రావడం అందుకే.

అపోహ: ఆన్‌లైన్ పరీక్షలో స్కోరు దాటింది, ఇక ఖాయమే.

వాస్తవం: బాగా ప్రచారంలో ఉన్న ఏక్యూ అనే ప్రశ్నావళిలో 50 వాక్యాలుంటాయి. 2001లో బ్రిటన్‌లో తయారైంది. మ్యూజియం కంటే నాటకానికి వెళ్లడం ఇష్టమా అనే అర్థం వచ్చే వాక్యం ఒకటి అందులో ఉంది. రెండింటికీ ఎప్పుడూ వెళ్లని మనిషి దానికి ఏం జవాబిస్తారు? పైగా సామాజిక భయం (నలుగురిలోకి వెళ్లాలంటే భయం), ఓసీడీ (వద్దన్నా అవే ఆలోచనలు, అవే పనులు తిరిగి తిరిగి రావడం) ఉన్నవారికీ స్కోరు పెరుగుతుంది. అది పరీక్షకు వెళ్లాలా వద్దా అని ఆలోచించుకోవడానికి పనికొస్తుంది, అంతవరకే.

అపోహ: చిన్నప్పుడు ఏ ఇబ్బందీ లేదని అమ్మ చెప్పింది కాబట్టి లేనట్టే.

వాస్తవం: పరీక్షలో ఎక్కువ సమయం పట్టేది, నా దృష్టిలో అసలైన పని, ఇక్కడే. "చిన్నప్పుడు ఎలా ఉండేవాడమ్మా?" అని అడిగితే చాలామంది తల్లులు చెప్పే జవాబు "బంగారం లాంటి పిల్లాడండీ, ఎవరి జోలికీ పోయేవాడు కాదు" అని. ఆ రెండో ముక్క దగ్గర నేను ఆగుతాను. పెళ్లిలో మిగతా పిల్లలు పందిట్లో పరుగులు పెడుతుంటే ఈయన ఎక్కడుండేవారు? కావలసింది వేలితో చూపించి అడిగేవారా, మీ చెయ్యి పట్టుకుని అక్కడికి లాక్కెళ్లేవారా? కంచంలో పప్పు, కూర ఒకదానికొకటి తగిలితే తినేవారా? అప్పుడు ఒక్కొక్కటే బయటికొస్తాయి. మేళం మొదలవగానే చెవులు మూసుకుని విడిదిలో మంచం కిందికి దూరడం, చొక్కా మెడ దగ్గర లేబుల్ కత్తిరిస్తే తప్ప తొడుక్కోకపోవడం, బస్టాండులోని బస్సు వేళలన్నీ ఒప్పజెప్పడం. ఇంట్లో వాటిని కొన్నిటిని మొండితనమనీ, కొన్నిటిని తెలివితేటలనీ లెక్కగట్టి వదిలేసి ఉంటారు. ఏ ఒక్కటీ దానంతటది ఆటిజం కాదు. ఇవన్నీ ఒకే మనిషిలో, చిన్ననాటి నుంచి నేటిదాకా ఉన్నాయా అన్నదే చూస్తాం.

తల్లిదండ్రులు లేకపోతే అక్క, మేనమామ, చిన్ననాటి స్నేహితుడు ఎవరైనా సరే. పాత ప్రోగ్రెస్ కార్డుల్లో టీచర్లు రాసిన మాటలు కూడా తీసుకురండి.

అపోహ: స్కాన్ తీస్తే తెలిసిపోతుంది.

వాస్తవం: తెలియదు. రక్తపరీక్ష, ఎంఆర్ఐ, ఈఈజీ ఏవీ ఆటిజాన్ని నిర్ధారించలేవు.

అపోహ: కళ్లలోకి చూసి మాట్లాడుతున్నారు కాబట్టి ఆటిజం కాదు.

వాస్తవం: "ఎదుటివారి కనుబొమల మధ్య చూస్తాను, మనసులో మూడు లెక్కపెట్టి చూపు తిప్పుతాను" అని వివరించేవారున్నారు. చూపు నేర్చుకున్నదే కావచ్చు. ఆడపిల్లలకు ఒద్దికగా ఉండటం, నవ్వుతూ పలకరించడం చిన్నప్పటి నుంచే గట్టిగా నేర్పే మన ఇళ్లలో ఈ ముసుగు మరీ నున్నగా తయారవుతుంది. అందుకే ఎలా కనిపిస్తున్నారని కాక, అలా కనిపించడానికి ఎంత శ్రమ పడుతున్నారని అడుగుతాను. బంధువులొచ్చి వెళ్లిన మర్నాడు రోజంతా గది తలుపు వేసుకుని పడుకోవలసి వస్తే, అది నాకు చూపు కంటే ఎక్కువ చెబుతుంది.

అపోహ: ఆటిజం కాదని తేలితే డబ్బు దండగ.

వాస్తవం: ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, స్థిమితం కుదరని స్థితి), ఓసీడీ, సామాజిక భయం, బాల్యంలో మనసుకు తగిలిన గాయాలు కూడా ఇలాంటి రూపంలోనే కనిపించవచ్చు, లేదా ఆటిజంతో కలిసే ఉండవచ్చు. వాటిలో కొన్నిటికి మంచి మందులున్నాయి. ఆటిజం మూల లక్షణాలకు మందు లేదు. ఏది ఏదో విడదీసి చెప్పని రిపోర్టు ఎవరిచ్చినా అనుమానించండి.

అపోహ: రిపోర్టు వస్తే సర్టిఫికెట్ వచ్చినట్టే.

వాస్తవం: రెండూ వేరు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని 21 వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది. ధ్రువపత్రం ఇచ్చేది ప్రభుత్వం నియమించిన వైద్యాధికారులే. దానికి వాడుతూ వచ్చిన, ఆటిజాన్ని కొలిచే ఇసా అనే భారతీయ కొలమానం సికింద్రాబాద్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థలో తయారైనదే. ఇందులో 40 అంశాలుంటాయి, మొత్తం స్కోరు 70 గానీ అంతకు మించి గానీ వస్తే ఆటిజం. రిజర్వేషన్ల వంటివాటికి 40 శాతం వైకల్యం కావాలి. మాటలు బాగా వచ్చి ఉద్యోగం చేస్తున్నవారు అక్కడిదాకా చేరకపోవచ్చు.

అపాయింట్‌మెంట్ తీసుకునే ముందు "పెద్దవారిని చూస్తారా?" అని ఫోనులోనే అడగండి. ఆటిజం కేంద్రాల్లో చాలావరకు పిల్లల కోసమే. పరీక్షించేవారు సైకియాట్రిస్టు గానీ, భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ)లో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు గానీ అయి ఉండాలి. రిపోర్టు చేతికొచ్చాక ఆఫీసుకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెప్పకుండానే చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకోవచ్చు, మీటింగులో అనుకున్నవి మెయిలులో రాసి పంపమని కోరవచ్చు.